గైడ్ లేని నదీ ప్రయాణం: ముందుచూపే మార్గదర్శి

"మామూ, లాటరీలో నా పేరు వచ్చింది!"

గత ఏడాది శీతాకాలం ముగిసే రోజుల్లో అమెరికా నుండి నా మేనల్లుడు ఫోనులో చెప్పిన తొలి మాట ఇది. లాటరీ అనే పదం చెవిన పడగానే నా గుండె ఝల్లుమంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు హలాల్, హరామ్‌ల తేడా బోధిస్తున్నవాడికి సొంత ఇంట్లోనే ఈ మాట వినవలసి వచ్చిందా అని బాధపడ్డాను. నా మౌనం గ్రహించి అతను నవ్వాడు. "డబ్బు లాటరీ కాదు మామూ! నది మీద ప్రయాణించడానికి అనుమతి. అడిగేవారు వేలల్లో ఉంటారు, అనుమతులు కొన్నే. అందుకని చీటీలు వేసినట్లు పేర్లు తీస్తారు" అన్నాడు.

నా మనసు కుదుటపడింది. పందెం కాసి ఒకరి సొమ్ము మరొకరు కాజేయడం వేరు, అర్హులు ఎక్కువై అవకాశాలు తక్కువైనప్పుడు చీటీలు వేసి వంతు నిర్ణయించడం వేరు. మొదటిది జూదం, రెండవది న్యాయం. ఆ సందేహం తీరింది కానీ, ఆ ఫోనుతో మా కుటుంబంలో అంతకంటే పెద్ద చర్చ మొదలైంది. నదీ ప్రయాణాలకు, అడవి విడిదులకు పిల్లలను పంపే ప్రతి ఇంటికీ పనికివస్తుందనే ఉద్దేశంతో ఆ చర్చ సారాంశాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఎక్కడిదా నది?

అమెరికా వాయవ్య భాగంలో మోంటానా అనే పర్వత రాష్ట్రం ఉంది. అక్కడి స్మిత్ నది మిస్సోరీ నదికి ఉపనది. 1805లో ఆ ప్రాంతాన్ని అన్వేషిస్తూ వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం నాటి అమెరికా నౌకాదళ మంత్రి రాబర్ట్ స్మిత్ పేరును దానికి పెట్టింది. క్యాంప్ బేకర్ అనే చోట పడవను నీటిలోకి దించితే, మళ్లీ ఈడెన్ వంతెన దగ్గరే ఒడ్డుకు చేర్చాలి. ఈ రెంటి మధ్య దూరం 59 మైళ్లు, అంటే దాదాపు 95 కిలోమీటర్లు. నడుమ ప్రజలు దిగడానికి, ఎక్కడానికి వీలైన రేవు మరొకటి లేదు. ఇరువైపులా నిటారుగా లేచిన సున్నపురాయి కొండగోడలు. లోయలో ఫోను పనిచేయదు. ఒడ్డు భూమిలో చాలా భాగం పశుపోషకుల సొంత ఆస్తి.

రోజుకు తొమ్మిది బృందాలను మాత్రమే నదిలోకి అనుమతిస్తారు. ఒక్కో బృందంలో పదిహేను మందికి మించరాదు. సాధారణంగా ప్రయాణానికి నాలుగు రోజులు పడుతుంది. దారి చూపే గైడ్‌ను, వంటవాడిని వెంట తీసుకుపోయే సంపన్నులూ ఉంటారు. అలా కాకుండా తమ పడవను తామే నడుపుకుంటూ, తమ గుడారాన్ని తామే వేసుకుంటూ, నదిలోని ట్రౌట్ చేపలను ఫ్లై గాలంతో పట్టుకుంటూ వెళ్లాలని మావాడి కోరిక. అతను, పదిహేనేళ్ల కొడుకు, ముగ్గురు మిత్రులు, మొత్తం ఐదుగురు.

ఒక తల్లి భయం

ఈ సంగతి తెలిసిన రోజు మా ఆపా అన్నం ముట్టలేదు. "ఆ నీళ్లలోకి నా మనవణ్ణి పంపను" అని ఒకటే మాట. ఆమె భయానికి కారణం నాకు తెలుసు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో జరిగిన ఘోరాన్ని తెలుగువారు ఎవరు మరచిపోగలరు? విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలోని బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి వదిలిన నీరు ఉవ్వెత్తున వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట వెళ్లిన పర్యటన నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ పిల్లలు తప్పు చేసినవారు కారు. ఆ నది ఎప్పుడు ఎలా మారుతుందో వారికి చెప్పినవారు లేరు, అంతే.

ఆపా భయాన్ని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచలేదు. మేనల్లుడితో ఒకటే చెప్పాను: "నువ్వు వెళ్లవచ్చునో లేదో నేను చెప్పను. వెంట గైడ్ లేనప్పుడు గైడ్‌కు తెలిసి ఉండవలసినవన్నీ మీకు తెలిసి ఉండాలి. వాటిని కాగితం మీద రాసి మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె ఒప్పుకుంటేనే ప్రయాణం." ఆ కాగితం పూర్తి కావడానికి మూడు నెలలు పట్టింది.

కాలము, ప్రవాహము

కాగితంలో మొదటి పేరా నది స్వభావం గురించి. స్మిత్ నదిలో పడవలు తిరగడానికి అనువైన కాలం చాలా తక్కువ. మే నెలలో కొండల మీద మంచు కరగడంతో నీరు పెరుగుతుంది. జూలై వచ్చేసరికి పొలాలకు నీరు తోడుకోవడంతో నది చిక్కిపోయి, పడవ అడుగు రాళ్లకు తగులుతుంది. అందుకే అందరూ మే నడుమ నుండి జూలై మొదటి వారం వరకే అనుమతి కోరుకుంటారు.

ఆ నదిలో ఎంత నీరు పారుతున్నదో కొలిచే ప్రభుత్వ యంత్రం ఉంది. ఆ లెక్కను ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతున్నదో అది చెబుతుంది. ఒక ఘనపుటడుగు అంటే దాదాపు 28 లీటర్లు. లెక్క వంద అని చూపితే, ప్రతి సెకనూ 2,800 లీటర్ల నీరు మన ముందు నుండి దొర్లిపోతున్నదని అర్థం. ఈ అంకెను రోజూ గమనించేవాడికి నది పెరుగుతున్నదో తగ్గుతున్నదో ముందే తెలుస్తుంది. పడవ నడపడం తెలిసిన వారిని అడిగి, తమ పడవకూ తమ అనుభవానికీ తగిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలను ముందే రాసిపెట్టుకోవాలి. ఆశ పుట్టకముందు గీసిన గీతే పనికివస్తుంది. ఒడ్డున నిలబడి, సామాను దించుకున్నాక గీసే గీత ఎప్పుడూ మన కోరిక వైపే జరుగుతుంది.

రోజుకు ఎంత దూరం పోవాలన్నదీ లెక్కే. 95 కిలోమీటర్లను నాలుగు రోజులకు పంచితే రోజుకు దాదాపు 24. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున సాగినా ఆరు గంటలు నీటి మీదే గడుస్తాయి. చేపల కోసం ఆగే సమయం దీనికి అదనం. మొదటి రోజు చేపల మీది మోజుతో ఆలస్యం చేసినవారు చివరి రోజు ఎదురుగాలిలో తెడ్లు వేయలేక అలసిపోతారు. ఏ రాత్రి ఏ విడిదిలో దిగుతారో బయలుదేరే ముందే రేంజర్ వద్ద ఖరారు చేసుకోవాలి కనుక, నడుమ ఎక్కడపడితే అక్కడ ఆగిపోయే వీలు కూడా లేదు.

ఒక అమీర్ ఉండాలి

ప్రయాణికులు తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవడం మన సంప్రదాయం. నీటి మీద దాని విలువ మరింత తెలుస్తుంది. అనుమతి మేనల్లుడి పేరున వచ్చింది కనుక తానే అమీర్‌నని అనుకున్నాడు. నేను వారించాను. అనుమతి పత్రం మీద ఎవరి పేరున్నా, నీటి మీద పెత్తనం నీరు తెలిసినవాడిదే కావాలి. వారిలో ఒక మిత్రుడికి ఆరేడేళ్లుగా రబ్బరు తెప్పలు నడిపిన అనుభవం ఉంది. అతనినే అమీర్‌గా నిర్ణయించారు. "ఆగుదాం" అని అతను అంటే చర్చ లేకుండా ఆగాలి. "వెళదాం" అని అతను అన్నా, ఐదుగురిలో ఒక్కరికి భయం కలిగితే ఆగాలి. ఈ రెండు వాక్యాలను కాగితంలో పెద్ద అక్షరాలతో రాయించాను.

చన్నీటిని తక్కువగా అంచనా వేయరాదు

కృష్ణా, గోదావరి ఒడ్డున పెరిగిన మనకు నీటిలో మునిగిపోవడం అంటే ఈత రాకపోవడమే. మంచు కరిగి వచ్చే నదిలో ఈతగాడికీ ప్రమాదమే. చల్లని నీటిలో పడ్డ మొదటి నిమిషంలో శరీరం ఉలిక్కిపడి ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ క్షణంలో తల నీట మునిగి ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తరువాతి పది నిమిషాలే చేతులూ కాళ్లూ మన మాట వింటాయి. ఒళ్లు పూర్తిగా చల్లబడి స్పృహ తప్పడానికి గంట వరకు పట్టవచ్చు. అంటే చలి కంటే ముందు ప్రాణం తీసేది ఆ మొదటి నిమిషం. లైఫ్ జాకెట్ పడవలో ఒక మూల ఉంటే చాలదు, ఒంటి మీద బిగించి ఉండాలి. పిల్లవాడికి మాత్రమే కాదు, తండ్రికి కూడా.

బట్టల విషయంలోనూ మన అలవాటు అక్కడ పనికిరాదు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని బట్ట తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది. జూన్‌లో కూడా ఆ కొండల్లో మంచు కురిసే రోజులుంటాయి. ఒక జత పొడి బట్టలు, నిద్రసంచి, అగ్గిపెట్టెలను నీరు చొరని సంచిలో కట్టి, రాత్రి విడిదికి చేరేదాకా విప్పరాదు. తెప్పకు చిల్లు పడితే అతికించే సామాను, గాలి కొట్టే పంపు, ఒక అదనపు తెడ్డు, ప్రథమ చికిత్స పెట్టె, ప్రతి ఒక్కరి మెడలో ఒక ఈల ఉండాలి.

ఆ లోయలో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఆహారాన్ని ఎలుగు తెరవలేని పెట్టెల్లోనే ఉంచాలని అక్కడి నిబంధన. గుడారంలో ఖర్జూరం గింజ కూడా ఉంచరాదు. వంట ఒకచోట, నిద్ర దూరంగా మరొకచోట.

ఫ్లై గాలం ఎలా పనిచేస్తుంది?

మన చెరువు గట్టున గాలం వేసేవాడు వానపామునో పిండినో ఎరగా గుచ్చి, బెండు మునిగేదాకా కదలకుండా కూర్చుంటాడు. మన గాలాన్ని దూరం విసరడానికి బరువు సీసపు గుండులో ఉంటుంది. ఫ్లై గాలంలో బరువు దారంలోనే ఉంటుంది. ఈకలు, వెంట్రుకలు, దారపు పోగులతో చిన్న కొక్కేనికి పురుగు ఆకారం కడతారు. ఆ పురుగుకు బరువే ఉండదు. తొమ్మిది అడుగుల సన్నని కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే, బరువైన దారం గాలిలో చాపంలా సాగి, కొసనున్న పురుగును నీటి మీద మెల్లగా వాలుస్తుంది.

ట్రౌట్ ఎదురీదుతూ నిలబడే చేప. వేగంగా పోయే నీటిలో శక్తి వృథా చేసుకోదు. బండ వెనుక, వేగపు నీరూ నిదానపు నీరూ కలిసే అంచున కాపు వేసి, కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంది. కనుక గాలం వేయవలసింది నది నడుమ కాదు, ఆ అంచున. ఏ రోజున ఏ పురుగు నీటి మీద తేలుతున్నదో చూసి అదే పోలికగల ఎరను ఎన్నుకోవాలి. మూడు నాలుగేళ్లు నీటి అడుగున రాళ్ల కింద బతికే ఒక పెద్ద పురుగు వేసవి ఆరంభంలో ఒడ్డుకు పాకి, రెక్కలు విప్పుతుంది. దాన్ని అక్కడ సాల్మన్ ఫ్లై అంటారు. అది లేచే రోజుల కోసమే కొందరు ఏడాదంతా ఎదురుచూస్తారు.

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. చేపను పట్టి, గాయపరచి, మళ్లీ వదిలేయడమే ఆటగా పెట్టుకోవడం సరైనదేనా? ఆకలి తీర్చుకోవడానికి చేప పట్టడం ధర్మసమ్మతం. నీటి చేపకు జబహ్ అవసరం కూడా లేదు. ఒక ప్రాణి నొప్పిని మన వినోదంగా చేసుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. మేనల్లుడు ఇలా రాసుకున్నాడు: ఆ ఏటి నియమావళి ఎన్ని చేపలను, ఏ కొలతవాటిని ఉంచుకోనిస్తుందో ముందే చదవాలి. పూటకు సరిపోయినన్ని దొరకగానే గాలం చుట్టేయాలి. నియమం ప్రకారం వదిలివేయవలసిన చేప పడితే చేతులు తడుపుకుని, నీటి నుండి పైకెత్తకుండానే, ముల్లు లేని కొక్కేన్ని తీసి వదలాలి. పొడి చేయి తగిలితే చేప ఒంటి జిగురుపొర చెదిరి రోగాల పాలవుతుంది. మోంటానాలో నీటి వేడి వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకితే, మధ్యాహ్నం రెండు గంటల నుండి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడాన్ని నిలిపివేసే పద్ధతి ఉంది. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు అల్లాడుతాయి కనుక ఈ నియమం. ప్రాణుల పట్ల ఈ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

నమాజు, శుభ్రత, భోజనం

మనకు ఖిబ్లా పడమర. మోంటానా వారికి అది ఉత్తరం నుండి తూర్పుకు దాదాపు 28 డిగ్రీల దిశలో ఉంటుంది. పైగా అక్కడ దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి సుమారు 11 డిగ్రీలు తూర్పుగా నిలుస్తుంది. కాబట్టి దిక్సూచి మీద 17 దగ్గర చూసుకోవాలి. ఫోను లేని చోట ఈ చిన్న లెక్క ఎంతో అక్కరకు వస్తుంది. జూన్‌లో అక్కడ పగలు దాదాపు 16 గంటలు, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఇషాకూ ఫజ్ర్‌కూ మధ్య వ్యవధి చాలా స్వల్పం. ప్రయాణికులు కనుక ఖస్ర్ వర్తిస్తుంది. వేళల పట్టికను ముందే రాసుకుని, నమాజులను కలిపి చదివే విషయంలో తమ మస్లక్ ఆలిమ్‌ను ఇంటి దగ్గరే అడిగి తెలుసుకోవాలి.

వుజూకు నది నీరు చాలు, తాగడానికి మాత్రం మరిగించాలి లేదా వడపోయాలి. అద్దంలా కనిపించే నీటిలోనూ కడుపును పాడుచేసే సూక్ష్మజీవులుంటాయి. సబ్బును నదిలో కలపరాదు. గిన్నెలు తోమిన నీటిని ఒడ్డుకు 60 మీటర్ల దూరంలో పారబోయాలి. మలవిసర్జనకు మూత గట్టిగా బిగిసే పెట్టెను వెంట తీసుకువెళ్లి, దానిని నిండిన తరువాత కూడా తమతోనే తిరిగి తేవాలి. ఇది అక్కడి చట్టం. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, పరుల నీటిని అపవిత్రం చేయకపోవడం మనకు చిన్ననాడే నేర్పిన పాఠం కాదా? ఇస్తింజా కోసం ఒక బద్నా మరచిపోవద్దని నేను ప్రత్యేకంగా గుర్తు చేశాను.

హలాల్ మాంసాన్ని నగరంలోనే కొని, ముక్కలు కోసి గడ్డకట్టించి, ఏ రోజుది ఆ రోజు విడిగా కట్టుకోవాలి. నీళ్ల సీసాలను గడ్డకట్టిస్తే మొదట మంచుగానూ, తరువాత తాగే నీరుగానూ పనికివస్తాయి. చేపలు తప్పక దొరుకుతాయన్న నమ్మకంతో బియ్యం, పప్పు తగ్గించరాదు. రిజ్క్ అల్లాహ్ చేతిలో ఉంది, సంచి కట్టడం మన చేతిలో ఉంది.

ఇంటి వద్ద ఉంచే కాగితం

ఆపాను మెత్తబరచింది కాగితంలోని చివరి భాగం. అందులో ఐదు సంగతులున్నాయి. ఎవరెవరు వెళుతున్నారు, వారి మందులు ఏవి. పడవల రంగు ఏమిటి, కారు ఎక్కడ ఉంటుంది. ఏ రాత్రి ఏ విడిది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరంతో ప్రతి సాయంత్రం ఇంటికి ఒక మాట. ఒక సాయంత్రం మాట రాకపోతే కంగారు పడవద్దు, యంత్రం చెడి ఉండవచ్చు. కాని ఈడెన్ వంతెనకు చేరవలసిన రోజు గడిచి మర్నాడు మధ్యాహ్నానికీ కబురు లేకపోతే, ఫలానా నంబరుకు కోడలు ఫోను చేయాలి.

ఆపా దీన్ని రెండుసార్లు చదివించుకుంది. "ఎప్పుడు భయపడాలో రాశాడు కనుక, మిగతా వేళల్లో భయపడకుండా ఉండగలను" అంది. ఇంట్లో మిగిలినవారి మనశ్శాంతి కూడా ప్రయాణ సామానులో భాగమే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ గీత

ఇక జరిగింది వినండి. బయలుదేరవలసిన వారంలో కొండల మీద వర్షం పడింది. కరుగుతున్న మంచుకు వాన తోడై నది పెరగసాగింది. సెలవులు పెట్టుకుని, సామాను కట్టుకుని, పగలంతా కారు నడుపుకుంటూ వారు క్యాంప్ బేకర్ చేరేసరికి నీరు మట్టి రంగుకు తిరిగింది. అంకె వారు రాసుకున్న గరిష్ఠాన్ని దాటింది. ఇతర బృందాల వారు కొందరు పడవలు దించుతూనే ఉన్నారు. "ఇంత కష్టపడి వచ్చాం, మళ్లీ ఎన్నేళ్లకు పేరు వస్తుందో" అని ఇద్దరు మిత్రులు వాదించారు. అప్పుడు అమీర్ జేబులోంచి కాగితం తీసి, మార్చిలో వారే రాసిన వాక్యాన్ని గట్టిగా చదివాడు. ఎవరూ మాట్లాడలేదు. తాళ్లు మళ్లీ బిగించి, తెప్పలను కారు మీదే ఉంచి వెనుదిరిగారు.

ఆ రాత్రి రోడ్డు పక్కన ఒక చిన్న వాగు ఒడ్డున గుడారం వేశారు. మర్నాడు పిల్లవాడికి జీవితంలో తొలి ట్రౌట్ పడింది, జానెడు కూడా లేదు. తండ్రి చూపినట్లే చేతులు తడుపుకుని వదిలేశాడట. అమెరికాలో చదువుకుంటున్న పిల్లవాడు నాన్నమ్మకు వచ్చీరాని తెలుగులో ఆ సంగతి చెబుతుంటే, ఆమె కళ్లు తుడుచుకుంటూ వింది.

ఈ ఏడాది అతను మళ్లీ దరఖాస్తు చేశాడు. ఈసారి ఆ సంగతి నాకు చెప్పింది అతను కాదు, ఆపా. "ఆ కాగితం నీ దగ్గర ఉంటే పదిలంగా ఉంచు తమ్ముడూ, మళ్లీ కావలసి వస్తుంది" అంది.